తంగేడు కుండీ, తెల్ల సీతాకోకచిలుక



ఈ నెల మూడు, నాలుగు తరగతుల ఈవీఎస్‌లో సీతాకోకచిలుక జీవితచక్రం పాఠం మొదలవుతోంది. పాఠం వెనకే ప్రాజెక్ట్ వర్క్ వస్తుందని మీకు తెలుసు. సాయంత్రం ఆరింటికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్, ఏడింటికి స్టేషనరీ షాపు ముందు స్కూటర్లు, రాత్రి పదింటికి నాన్నగారి చేతికంతా ఫెవికాల్. మర్నాడు పొద్దున నా టేబుల్ మీద వరసగా థర్మకోల్ షీట్లు. నాలుగు గుండ్రాలు, నాలుగు బాణాలు. దాదాపు అన్నింటిలోనూ ఒకటే సీతాకోకచిలుక: నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్ల గీతలు. అది మోనార్క్. అమెరికా ఖండాల నుంచి మన చార్టుల్లోకి వచ్చింది. మన కాలనీల్లో అది ఎగరదు. ఇక మూడో గుండ్రంలో దూది ఉండతో చేసిన ‘కకూన్’ అతికించి ఉంటుంది. మోనార్క్ అసలు కకూన్ కట్టదు.

ఈసారి ఆ ప్రాజెక్ట్ ఇవ్వడం లేదు. దాని బదులు సుమారు 25 రోజులు నడిచే పని ఒకటి ఇస్తున్నాం. ఇందులో కొనాల్సింది ఏమీ లేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల సాయం లేకుండా జరగదు. అందుకే ఈ నెల నా పేజీ మొత్తం మీకే రాస్తున్నాను.

మనం చూడబోయేది మీరు రోజూ చూసేదే. ఎండ కాస్త ఎక్కాక ఖాళీ ప్లాటు మీదుగా వచ్చి, కాంపౌండ్ గోడ దాటి, ఎవరో తరుముతున్నట్టు పోతుందే, ఆ తెల్ల సీతాకోకచిలుక. పైనుంచి చూస్తే సుద్దముక్క తెలుపు. రెక్కలు మూసుకొని కూర్చుంటే అడుగుభాగం లేత ఆకుపచ్చగా ఉండి, దాని మీద సన్నటి గోధుమరంగు గీతలు చల్లినట్టు కనిపిస్తాయి. రెక్కలు చాపితే ఈ చివరినుంచి ఆ చివరికి 5 నుంచి 7 సెంటీమీటర్లు. ఇంగ్లిష్‌లో దీన్ని మాటిల్డ్ ఎమిగ్రెంట్ అంటారు. శాస్త్రీయ నామం కాటాప్సిలియా పైరాంథి. 1758లో లిన్నేయస్ వర్ణించిన జీవుల్లో ఇదీ ఉంది. ఎమిగ్రెంట్ అంటే వలస పోయేది. మన ఇళ్లలో ఆ మాట వినగానే వీసా, విమానం గుర్తొస్తాయి గానీ, దీనికి ఆ పేరు రావడానికి కారణం గుంపులు గుంపులుగా దూరం ప్రయాణించే అలవాటు. మగవి తడి మట్టి మీద బారులు తీరి కూర్చొని లవణాలు పీల్చుకోవడం మీరు వానాకాలం ప్రయాణాల్లో చూసే ఉంటారు. ఆకలేసినప్పుడు మాత్రం గడ్డిచామంతి లాంటి చిన్న పువ్వుల దగ్గర కూడా ఆగుతుంది.

తెల్లగా ఉన్న ప్రతిదీ ఇదే కాదు. నేలకు జానెడు ఎత్తులో, ముందు రెక్క మీద నల్ల చుక్కతో, నీరసంగా ఎగిరే చిన్న తెల్లది సైకీ. నిమ్మపండు రంగు కలిసినట్టుండేది దీనికి దగ్గరి చుట్టం కామన్ ఎమిగ్రెంట్. అది రేల చెట్ల దగ్గర ఎక్కువ. పిల్లలు వీటి మధ్య తేడా మొదటిరోజే పట్టలేకపోతే తొందరపెట్టకండి. సీతాకోకచిలుకను పట్టించేది దాని రెక్క కాదు, దాని పిల్ల తినే ఆకు.

ఈ ఆకు సంగతే మీకు ముఖ్యంగా చెప్పాలి.

సీతాకోకచిలుకలు రావాలంటే పూలమొక్కలు పెట్టాలి అనుకుంటాం. పూలు పెడితే వస్తాయి, తాగుతాయి, పోతాయి. హోటల్‌కి వచ్చినట్టు. సంసారం పెట్టేది ఆకు దగ్గర. ఆడ సీతాకోకచిలుక ఒక ఆకు మీద వాలి ముందుకాళ్లతో టపటపా తడుతుంది. దాని పాదాల్లో రుచి తెలిసే అవయవాలు ఉంటాయి, అంటే అది కాళ్లతో రుచి చూస్తుంది. తన పిల్లలు తినగలిగే ఆకు కాకపోతే లేచిపోతుంది. ఈ తెల్ల ఎమిగ్రెంట్ ఒప్పుకునే ఆకులు కొద్దే: తంగేడు, రేల, కసింద, తగిరిస. తగిరిసను కొన్నిచోట్ల తంటెం అంటారు. నాలుగూ ఒకే కుటుంబం మొక్కలు. ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపండి. ఈ నాలుగు పేర్లకు ఇంటర్నెట్ కంటే వాళ్ల జవాబే బాగుంటుంది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చే పచ్చటి పువ్వు అదే. దాని బెరడు తోళ్లు శుద్ధి చేయడానికి ఎంత వాడారంటే, ఇంగ్లిష్‌లో ఆ మొక్క పేరే ‘టానర్స్ కేసియా’. ఇన్ని పనులకొచ్చిన మొక్క ఇప్పుడు మన గేటెడ్ కమ్యూనిటీల్లో పిచ్చిమొక్క కింద లెక్క. వానాకాలం రాగానే అసోసియేషన్ వాళ్లు ఖాళీ ప్లాటు చదును చేయిస్తారు, లాన్ చుట్టూ మందు కొట్టిస్తారు, ఆ తర్వాత గేటు పక్కన గోడ మీద సీతాకోకచిలుకల బొమ్మ వేయిస్తారు.

దోమల భయం నాకు తెలుసు, పాముల భయమూ తెలుసు. ప్లాటు మొత్తం అడవిలా వదిలేయమని అడగను. గోడవార నాలుగు తంగేడు మొక్కలు ఉంచితే చాలు.

పోయిన ఏడాది నాలుగో తరగతి పాప ఒకమ్మాయి హార్లిక్స్ సీసాలో పచ్చటి పురుగును పట్టుకొచ్చింది. పక్కనే చక్కగా తరిగిన క్యాబేజీ ముక్క. వర్క్‌బుక్‌లో తెల్ల సీతాకోకచిలుక క్యాబేజీ తింటుందని ఉంది, వాళ్లమ్మగారు అదే పెట్టారు. వర్క్‌బుక్‌లో ఉన్నది అబద్ధం కాదు. అది యూరప్ నుంచి వచ్చిన బొమ్మ, అక్కడి తెల్ల సీతాకోకచిలుక క్యాబేజీ, ఆవ మొక్కలనే తింటుంది. మన తంగేడు పురుగుకు మాత్రం క్యాబేజీ ఆహారమే కాదు. రెండు రోజులుగా దాన్ని ముట్టలేదు. ప్లేగ్రౌండ్ వెనక నుంచి తంగేడు రెమ్మ తెచ్చి పెట్టగానే లంచ్ బెల్లు లోపలే సగం ఆకు ఖాళీ. ఎల్‌కేజీలో మనమే చదివించే ఎరిక్ కార్ల్ పుస్తకం ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ నాకూ ఇష్టమే. 1969 నుంచి పిల్లల్ని నవ్విస్తోంది. అందులో పురుగు చాక్లెట్ కేకు, ఐస్‌క్రీం కూడా తింటుంది. కథలో తిననివ్వండి. సీసాలో ఉన్నదానికి మాత్రం ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే పెట్టాలి.

ఇక్కడ తప్పనిసరిగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. కసింద గింజలు పిల్లలకు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోతుంటే, కారణం వాళ్లు ఆడుకుంటూ తిన్న కసింద గింజలని 2000 దశకంలో వైద్యులు తేల్చారు. అందువల్ల కసింద కొమ్మ ఇంట్లోకి తేవద్దు. తంగేడు తెచ్చినా, రేల తెచ్చినా కాయలున్న రెమ్మ వద్దు, లేత ఆకుల రెమ్మే చాలు. కోసేది మీరు, పిల్లలు కాదు. యూకేజీ వయసు తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే సీసా వాళ్లకు అందని ఎత్తులో పెట్టండి. రోడ్డుపక్క మందు కొట్టిన చోటి ఆకు తెస్తే పురుగు ఒక్కరోజులో చచ్చిపోతుంది, అదీ చూసుకోండి.

ఇప్పుడు అసలు పని. వానలు పడ్డాక తంగేడు చిగురు వేస్తుంది, ఆ చిగురు మీద వెతకాలి. ఈ జాతి ఆడది గుడ్లను కుప్పగా పెట్టదు. ఇక్కడొకటి, అక్కడొకటి. తెల్లగా, సన్నగా, రెండు కొసలూ కూచిగా, నిలబెట్టిన బియ్యపు నూకలా ఉంటుంది. పిల్లల కళ్లు మనకంటే ముందే పడతాయి. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికి వస్తుంది. రాగానే మొదటి భోజనం సాధారణంగా తన గుడ్డు పెంకే.

తెలుగు పుస్తకాల్లో సీతాకోకచిలుక పిల్లను గొంగళి పురుగు అంటారు. గొంగళి అంటే కంబళి, ఒళ్లంతా నూగు ఉండేది. మునగచెట్టు మీద గుంపుగా ఉండి, తగిలితే దద్దుర్లు లేపేవి ఆ రకం. అవి పెరిగి చిమ్మటలవుతాయి. మన తంగేడు పురుగు నున్నగా ఉంటుంది, దురద పెట్టదు, కుట్టదు. పచ్చటి ఒళ్లు, పక్కన ఒక లేత గీత, ఆ గీత వెంట సన్నటి నల్ల చుక్కలు. ఆకు నడిమి ఈనె వెంట నిటారుగా పడుకుంటే ఎదురుగా ఉన్నా కనిపించదు. పురుగు కనపడగానే అమ్మో అని చీపురు తీసే అమ్మలకు నా విన్నపం: మీ అరుపు వినే పిల్లలు భయం నేర్చుకుంటున్నారు. క్లాసులో నేను చూస్తున్నదేమిటంటే, పురుగును చూసి వెనక్కి గెంతే పిల్లల్లో చాలామంది దాన్ని ఎప్పుడూ తాకినవాళ్లు కారు.

పురుగు దశ సుమారు రెండు వారాలు. ఈ రెండు వారాల్లో చేసే పని తినడం, రెట్ట వేయడం. మధ్యలో నాలుగుసార్లు పాములాగే కుబుసం విడుస్తుంది. కుబుసం విడిచే ముందు ఒక పూటో, ఒక రోజో ఏమీ తినకుండా కదలకుండా ఉంటుంది. పిల్లలు కంగారుపడి కదిలిస్తారు. కదిలించనివ్వకండి. డబ్బా మూత బదులు దోమతెర గుడ్డ కట్టండి. రెమ్మను చిన్న నీళ్ల సీసాలో గుచ్చి, సీసా మూతి చుట్టూ కాగితం కుక్కండి, లేకపోతే పురుగు కాండం వెంట దిగి నీళ్లలో పడుతుంది. రోజూ ఆకు మార్చాలి, అడుగున రెట్ట తుడవాలి. పురుగును వేళ్లతో పీకకుండా, కూర్చున్న ఆకుతో సహా కొత్త రెమ్మ మీదికి చేర్చాలి. ఎండలో పెట్టవద్దు. చేతులు కడుక్కోవాలి. ఇదంతా పిల్లలే చేయాలి. మీరు గుర్తుచేస్తే చాలు.

ఆఖర్లో పురుగు నాలుగు సెంటీమీటర్లు దాటాక ఒకరోజు ఉన్నట్టుండి తిండి మానేసి డబ్బా అంతా తిరుగుతుంది. రోగం కాదు. స్థలం వెతుక్కుంటోంది. ఒక పుల్లనో డబ్బా గోడనో ఎంచుకొని పట్టుదారంతో చిన్న గుండీలాంటిది అల్లి తోకను దానికి తగిలిస్తుంది. ఆ తర్వాత నడుముకు ఒక దారం. కల్లుగీత కార్మికులు తాటిచెట్టుకు మోకు వేసుకొని వెనక్కి వాలతారు చూడండి, అచ్చం ఆ భంగిమ. ఒక రాత్రి గడిచాక చర్మం ఒలిచేస్తుంది, లోపల లేత ఆకుపచ్చ ప్యూపా బయటపడుతుంది. ముందువైపు ముక్కులా కూచిగా ఉంటుంది. చూసేవాళ్లకు మడిచిన ఆకు. కకూన్ అంటే పట్టుపురుగు తన చుట్టూ తాను దారంతో కట్టుకునే గూడు. ప్యూపా అలాంటి గూడు కాదు, అది పురుగు ఒళ్లే. దీని చుట్టూ దూది లేదు, ఇల్లు లేదు. నడుముకు ఒక్క దారం, అంతే. థర్మకోల్ షీటు మీద ఈ తేడా తెలియదు, సీసా ముందు కూర్చున్న పిల్లకు జన్మలో మరిచిపోవడం ఉండదు.

ఈ జాతి జీవితచక్రాన్ని విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు శ్రద్ధగా గమనించి 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించారు. వాళ్లు చేసిన పనీ ఇదే: ఆకు మార్చడం, కొలవడం, తేదీ వేసి రాసుకోవడం. గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు నుంచి నాలుగు వారాలు. మనం 25 రోజులు అంటున్నది అందుకే. వాన ముసురు పట్టి చల్లబడితే ఇంకొన్ని రోజులు పట్టవచ్చు.

ఇంతవరకూ చెప్పింది సవ్యంగా జరిగితే. చాలాసార్లు జరగదు. ఈ విషయంలో మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి.

కొన్ని పురుగులు చనిపోతాయి. బయట చెట్టు మీద చీమలు, సాలీళ్లు, గొల్లభామల్ని పట్టే పిట్టలు ఉంటాయి. సీసాలో అవి లేవు గానీ, మీరు తెచ్చేటప్పటికే పురుగు లోపల ఇంకొకరి గుడ్లు ఉండవచ్చు. కందిరీగల జాతికే చెందిన, దోమ కంటే చిన్నవి కొన్ని ఉన్నాయి. అవి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు లోపలినుంచే తింటూ పెరుగుతాయి. పురుగు మామూలుగానే కనిపిస్తుంది. చివరికి సీతాకోకచిలుక రావాల్సిన చోట చిన్న చిల్లు పడి నల్లటి ఈగలాంటివి బయటికి వస్తాయి. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి.

పోయిన ఏడాది మూడో తరగతి బాబు పురుగు ఒక రాత్రి చచ్చిపోయింది. పొద్దున లేచి చూస్తే వాడు తట్టుకోలేడని వాళ్ల నాన్నగారు టార్చి పట్టుకెళ్లి తంగేడు చెట్టు మీంచి ఇంకో పురుగును తెచ్చి పెట్టారు. ఆ అర్ధరాత్రి ప్రేమను నేను తక్కువ చేయను. కానీ మా బాబు రోజూ స్కేలుతో కొలిచి రాస్తున్నాడు. ముందురోజు 31 మిల్లీమీటర్లు, ఆరోజు 22. నోట్‌బుక్‌లో నిజాయితీగా రాసుకొచ్చాడు: నా పురుగు చిన్నదైపోయింది. క్లాసంతా నవ్వింది. పురుగులు చిక్కిపోవు, నువ్వు తప్పు కొలిచావు అన్నారు. వాడు స్కేలు చూపించి వాదించాడు, నేను సరిగానే కొలిచాను అన్నాడు. వాడు సరిగానే కొలిచాడు. సాయంత్రం నాన్నగారు ఫోన్ చేసి సంగతి చెప్పేదాకా ఆ పసివాడు తన కళ్లను తానే అనుమానించుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు నాన్నే వాడికి నిజం చెప్పారు. వాడు ఏడ్చాడో లేదో నాకు తెలియదు గానీ, నోట్‌బుక్ తీసి 31 కింద గీత గీసి ‘చనిపోయింది’ అని రాసి, తర్వాతి పేజీలో 22తో కొత్తగా మొదలుపెట్టాడు.

కాబట్టి మార్చి పెట్టకండి. చనిపోయిందని రాసిన నోట్‌బుక్‌కు రెక్కలొచ్చిందని రాసిన నోట్‌బుక్‌తో సమానంగా మార్కులు వేస్తాం, ఈ మాట మా ఈవీఎస్ టీచర్లందరి తరఫునా చెబుతున్నాను. మనసు కుదుటపడ్డాక పిల్లలతో ఒక లెక్క చేయించండి. ఒక ఆడది 100 గుడ్లు పెట్టిందనుకుందాం. అన్నీ బతికితే 50 ఆడవి. అవి తలా 100 పెడితే 5,000. అందులో సగం ఆడవి మళ్లీ పెడితే 2,50,000. నెలకో తరం చొప్పున మూడు నెలల్లో రెండున్నర లక్షలు. వాటికి సరిపడా తంగేడు ఊళ్లో లేదు. సంఖ్య పెరగకుండా తరగకుండా ఉండాలంటే నూటికి ఇద్దరే మిగలాలి. మిగిలిన 98 పిట్టకూ, చీమకూ, ఆ బుల్లి కందిరీగకూ అన్నం. మూడో తరగతి పిల్లలకు ఈ లెక్క ఎక్కువేమీ కాదు, పోయినసారి మా క్లాసులో చేశారు.

ఇక రెక్కలొచ్చే రోజు. ముందురోజే ప్యూపా పచ్చదనం పోయి లోపలి రెక్కల తెలుపు బయటికి కనిపిస్తుంది. ఎక్కువగా పొద్దున పూటే విచ్చుకుంటుంది. అలారం పెట్టుకోండి, స్కూల్ బస్సు ఓ పది నిమిషాలు ఆలస్యమైతే నేను సర్దిచెబుతాను. బయటికి వచ్చినప్పుడు రెక్కలు తడిసిన కాగితంలా ముడతలు పడి ఉంటాయి. ఒంట్లో ద్రవాన్ని రెక్కల నరాల్లోకి పంపుతూ మెల్లగా చాపుకుంటుంది. ఈ సమయంలో సాయం చేయాలని రెక్కలు లాగితే అది జన్మలో ఎగరదు. ఆరడానికి గంటో రెండు గంటలో పడుతుంది. మధ్యలో వెనకనుంచి ఒక రంగు చుక్క వదులుతుంది. పిల్లలు రక్తం అని భయపడతారు. అది ప్యూపాలో ఉన్నన్నాళ్లూ కూడిన మలినం.

ఈ భయం పిల్లలకే కాదు, ఊళ్లకు ఊళ్లకే వచ్చింది. 1608 జూలైలో ఫ్రాన్స్‌లో ఏక్స్ పట్టణం చుట్టుపక్కల గోడల మీద ఎర్రటి మచ్చలు కనిపించి, రక్తవర్షం కురిసిందని జనం వణికిపోయారు. పైరెస్క్ అనే పండితుడు అప్పటికే ఒక ప్యూపాను డబ్బాలో పెట్టుకొని చూస్తున్నాడు. అది విచ్చుకున్నాక డబ్బా అడుగున అలాంటి ఎర్రమచ్చే కనిపించింది. వెళ్లి చూస్తే ఊళ్లో మచ్చలు కూడా వాన పడని మరుగు చోట్లలోనే ఉన్నాయి. ఆ ఏడు అక్కడ సీతాకోకచిలుకలు విపరీతంగా వచ్చాయి. ఊరి భయాన్ని తీర్చింది ఒక డబ్బా.

వదిలేటప్పుడు వేలి మీద ఎక్కించుకోవచ్చు, రెక్క పట్టుకోకూడదు. పట్టుకుంటే వేళ్లకు తెల్లటి పొడి అంటుతుంది. ఆ పొడి నిజానికి పెంకుల్లా పేర్చిన సన్నటి పొలుసులు. ఒక్కసారి పోతే మళ్లీ రావు. ఆ పొలుసుల తెలుపు గురించి మీకో సంగతి చెప్పాలి. తెల్ల, పసుపు సీతాకోకచిలుకల కుటుంబంలో ఈ రంగులిచ్చే పదార్థాలను 1890ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ పరిశోధించారు. విటమిన్ల మీద పనికి 1929లో నోబెల్ అందుకున్నది ఆయనే. ఆ పదార్థాలకు తర్వాత టెరిన్లు అని పేరొచ్చింది. గ్రీకులో టెరాన్ అంటే రెక్క. కొన్ని దశాబ్దాల తర్వాత, ఆకుకూరల్లో దొరికే ఒక విటమిన్ అణువును విప్పి చూస్తే అందులో ఒక ముక్క ఈ టెరిన్ అని తేలింది. అదే ఫోలిక్ యాసిడ్. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. అమ్మలందరికీ ఆ మాత్ర గుర్తుంటుంది, కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ మొదట రాసేది అదే.

1945లో ఆ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. ఆ అణువునే కొంచెం మార్చి ఆయన బృందం అమినోటెరిన్ అనే మందు చేసింది, పేరులో రెక్క అలాగే ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చారు. అంతవరకూ ఏ మందుకూ లొంగని ఆ జబ్బు, కొంతకాలమే అయినా, మొదటిసారి వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. అమినోటెరిన్‌కు తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌ను పిల్లల వార్డుల్లో ఈరోజుకీ వాడుతున్నారు.

కుండీలో తంగేడు పెట్టాలనుకునేవాళ్లు గింజల్ని వేడి నీళ్లలో వేసి ఒక రాత్రి నాననిచ్చి నాటండి, పైపెంకు గట్టిది. ఎండ బాగా తగిలే బాల్కనీ కావాలి. మొక్క ఎదిగేదాకా రెమ్మలతోనే నడిపించాలి. తంగేడు బొత్తిగా దొరకని అపార్ట్‌మెంట్ల వాళ్లు మీ కరివేపాకు కుండీని ఒకసారి తిరగేసి చూడండి, పిట్టరెట్టలా కనిపించే పురుగు ఉంటే అది కామన్ మార్మన్ కావచ్చు, దానితోనూ ఈ పని చేయవచ్చు. రెండూ లేనివాళ్లు శనివారం పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్లేగ్రౌండ్ వెనకకు రండి. గోడవార ఆరు తంగేడు మొక్కలున్నాయి, వాటికి మందు కొట్టవద్దని తోటమాలి గారికి చెప్పి ఉంచాం. నీళ్ల సీసా, పాత దోమతెర ముక్క మీరే తెచ్చుకోవాలి.